ఏథెన్సు కొండ నుంచి తనకల్లు రచ్చకట్ట దాకా: చట్టాన్ని రాయించింది ఎవరు?

తనకల్లు మండలంలోని ఒక దళితవాడలో మొన్న సాయంత్రం చదువుకునే పిల్లలతో కూర్చున్నాం. కదిరిలో డిగ్రీ చదివే కుర్రాడొకడు పోటీ పరీక్షల పుస్తకం తెరిచి మా ముందు పెట్టాడు.

"ప్రజాస్వామ్యం గ్రీసులో పుట్టిందని, చట్టం రోములో పుట్టిందని ఇందులో రాసిండారు. సరే అన్నా, బట్టీ పడతాను. కానీ మా ఊర్లో గ్రామసభ జరిగితే మా నాయన ఇప్పటికీ కట్ట కిందనే నిలబడతాడు. ఆ ఏథెన్సుతో మాకేం పని?"

ప్రశ్న న్యాయమైనదే. రెండు మార్కుల జవాబుగా చదివితే ఏథెన్సుతోనూ రోముతోనూ మనకు పనేమీ లేదు. పాఠ్యపుస్తకం ఆ కథను గొప్పవాళ్ల కథగా చెబుతుంది. ఒక జ్ఞాని వచ్చాడు, చట్టం చేశాడు, ప్రజలు సుఖంగా ఉన్నారు అన్నట్టు ఉంటుంది. కానీ ఆ చట్టాలు పుట్టిన సందర్భాలు ఒక్కొక్కటే చూస్తే వేరే మనుషులు కనబడతారు. అప్పు తీర్చలేక బానిసైన రైతు, వీపు మీద కొరడా వాతలున్న కుర్రాడు, ఊరు విడిచి వెళ్లిపోయిన జనం, చట్టం ఏమిటో తెలియనివ్వని పూజారులు. వీళ్లందరూ మనకు తెలిసినవాళ్లే.

అంబేడ్కర్ ఈ కథను అలాగే చదివారు. రోము ప్లీబియన్ల గురించి, రోము బానిసల గురించి, ఏథెన్సు రాజ్యాంగం గురించి ఆయన పదే పదే రాశారు, మాట్లాడారు. పరాయి దేశపు గొప్పతనాన్ని పొగడడానికి కాదు, మన ఊరి సంగతి తేల్చడానికి. మేమూ ఆ దారిలోనే ఈ వ్యాసం రాస్తున్నాం.

అప్పు రాళ్లు పీకిన ఏథెన్సు

క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం మొదట్లో ఏథెన్సు చుట్టుపక్కల పొలాల్లో రాళ్లు పాతి ఉండేవి. ఈ భూమి ఫలానా దొరకు బాకీ ఉంది అని చెప్పే గుర్తు రాళ్లు అవి. పంటలో ఆరో వంతు దొరకు కట్టే రైతులు కట్టలేకపోతే భూమితో పాటు ఒళ్లు కూడా పోయేది. మనిషే తాకట్టు. అప్పు తీరకపోతే అతన్ని, అతని పిల్లల్ని బానిసలుగా అమ్ముకోవచ్చు. చాలామంది అలా పరాయి దేశాలకు అమ్ముడుపోయారు. మన పక్క జీతగాళ్ల బతుకు తెలిసినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

జనం తిరగబడే పరిస్థితి వచ్చాక క్రీ.పూ. 594లో సోలన్ అనే అతనికి పగ్గాలు అప్పగించారు. అతను అప్పులు రద్దు చేశాడు, గుర్తు రాళ్లు పీకించాడు, ఇక మీదట మనిషి ఒంటిని తాకట్టు పెట్టుకుని అప్పు ఇవ్వకూడదని చట్టం చేశాడు. సోలన్ విప్లవకారుడేమీ కాదు. భూములు పంచమంటే పంచలేదు. పెద్ద పదవులను డబ్బున్నవారికే ఉంచాడు. కానీ మనిషి ఒళ్లు సరుకు కాదు అన్న ఆ ఒక్క నియమం మీదే ఆ తర్వాతి ప్రజాస్వామ్యమంతా నిలబడింది. ఇంకొకరికి తాకట్టులో ఉన్నవాడు సభలో ఆ ఇంకొకరికి ఎదురుగా చెయ్యి ఎత్తలేడు కదా.

ఆ నియమం మనకు ఎప్పుడు వచ్చిందో లెక్క వేసుకోండి. వెట్టిని నిషేధించే 23వ అధికరణం 1950లో అమల్లోకి వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఓటు హక్కు వచ్చి పాతికేళ్లు దాటాక గానీ జీతగాడి అప్పు చట్టం ముందు చెల్లకుండా పోలేదు. ఏథెన్సులో ముందు అప్పు సంకెళ్లు తెగాయి, తర్వాత సభలో మాట వచ్చింది. మనకు ఓటు ముందు వచ్చింది, సంకెళ్లు తర్వాత తెగాయి. కొన్నిచోట్ల ఇంకా తెగలేదు.

పేరు మార్చిన ప్రజాస్వామ్యం

సోలన్ తర్వాత దాదాపు తొంభై ఏళ్లకు, క్రీ.పూ. 508లో, క్లెయిస్తనీస్ ఇంకో పని చేశాడు. అప్పటిదాకా ఏథెన్సు జనం వంశాల వారీగా, తెగల వారీగా విడిపోయి ఉండేవారు. పెద్ద వంశాల చేతుల్లోనే అన్నీ ఉండేవి. అతను ఆ నాలుగు పాత తెగల రాజకీయ బలాన్ని పక్కన పెట్టి పది కొత్త తెగలు ఏర్పాటు చేశాడు. నగరం, సముద్రతీరం, లోపలి పల్లెలు, ఈ మూడు చోట్ల నుంచీ కొంత కొంత కలిపి ఒక్కో తెగ చేశాడు. కింది మెట్టులో 139 ఊళ్లు, పేటలు ఉన్నాయి. పౌరుడి పేరు ఆ ఊరి పుస్తకంలో ఎక్కుతుంది. ఫలానావాడి కొడుకు అని చెప్పుకునే చోట ఫలానా ఊరివాడు అని చెప్పుకోవడం మొదలైంది.

ఇది చిన్న మార్పుగా కనిపిస్తుంది. మన ఊర్లో పరాయి మనిషి ఎదురుపడితే అడిగే మొదటి ప్రశ్న గుర్తు చేసుకోండి. "ఏ ఊరు?" అని అడుగుతారు. ఆ వెంటనే "ఎవరోళ్లు?" అంటారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరికేదాకా మంచం చూపించాలా, నేల చూపించాలా అన్నది తేలదు. క్లెయిస్తనీస్ చేసింది ఆ రెండో ప్రశ్నకు రాజకీయాల్లో బలం తగ్గించడం. పుట్టుకతో వచ్చిన గుంపులను అలాగే ఉంచి వాటి మీద ఓట్లు పేర్చితే అది ప్రజల పాలన కాదు, గుంపు పెద్దల పాలన అవుతుందని అతనికి తెలిసింది. కులాన్ని కదిలించకుండా ప్రజాస్వామ్యం రాదని అంబేడ్కర్ జీవితమంతా చెప్పిన మాట కూడా ఇదే.

ఆ తర్వాత ఏథెన్సు ఇంకా ముందుకు వెళ్లింది. ఐదు వందల మంది మండలిని చీటీ తీసి ఎంపిక చేసేవారు. తెగకు యాభై మంది, పదవి ఒక్క ఏడాది. జీవితంలో రెండుసార్లకు మించి కూర్చోకూడదు. కోర్టుల్లో తీర్పు చెప్పేవారినీ ఏటా ఆరు వేల మంది పౌరుల నుంచి చీటీ తీసే ఎంచేవారు. ఒక్కో కేసుకు వందల మంది కూర్చునేవారు. ఎన్నికలైతే డబ్బున్నవాడు, వంశం ఉన్నవాడు గెలుస్తాడని, చీటీ అయితే చెప్పులు కుట్టేవాడికీ పెద్ద దొరకీ ఒకే అవకాశమని వాళ్ల లెక్క.

అన్నిటికంటే మన కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. ఏథెన్సు ఊరికే రమ్మని పిలవలేదు, కూలి ఇచ్చింది. పెరిక్లీస్ కాలంలో తీర్పు చెప్పేవారికి రోజుకు రెండు ఓబోల్ నాణేలు ఇవ్వడం మొదలుపెట్టారు, తర్వాత దాన్ని మూడు చేశారు. క్రీ.పూ. నాలుగో శతాబ్దం మొదట్లో సభకు వచ్చినవారికీ కూలి కట్టారు. పేదవాడు సభలో కూర్చుంటే ఆ రోజు పొయ్యి వెలగదని వాళ్లు గుర్తించారు. మన గ్రామసభను పొద్దున పదకొండు గంటలకు పెడతారు. ఆ సమయానికి మన వాళ్లు శనక్కాయ చేనులోనో, ఉపాధి పనిలోనో, బెంగళూరు బస్సులోనో ఉంటారు. సభకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. తర్వాత అధికారి "దళితవాడ నుంచి ఎవరూ రాలేదు" అని రాసుకుంటాడు. సభ ఏ గంటకు పెట్టారన్నదే ఎవరిని లోపలికి రానిచ్చారో చెబుతుంది.

అవమానం సొంత గొడవ కాదు

ఏథెన్సు చట్టంలో 'హూబ్రిస్' అనే నేరం ఒకటుంది. బలవంతుడు తన బలం చూపించుకోవడానికి ఇంకొకరి గౌరవాన్ని తొక్కడం అన్నమాట. కొట్టడమో, అందరి ముందు అవమానించడమో. దెబ్బ ఎంత లోతుగా తగిలిందన్నది కాదు, మనిషిని ఎంత చిన్నబుచ్చారన్నదే ఇందులో నేరం. బాధితుడు ఫిర్యాదు చేయలేకపోతే ఏ పౌరుడైనా అతని తరఫున కేసు వేయవచ్చు. చట్టం మాటల్లో ఆ రక్షణ పిల్లలకు, ఆడవాళ్లకు, బానిసలకు కూడా ఉంది. డెమొస్తనీస్ అనే ప్రసిద్ధ వక్తను మీడియస్ అనే ధనవంతుడు నాటక ఉత్సవంలో జనం ముందు చెంప మీద కొట్టాడు. ఆ కేసు కోసం డెమొస్తనీస్ సిద్ధం చేసిన ప్రసంగం నేటికీ ఉంది. తనకు తగిలిన దెబ్బ తన ఒక్కడిది కాదు, పౌరులందరిదీ అన్నదే అందులోని వాదన.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తెలిసినవారు ఇక్కడ ఆగుతారు. జనం చూసే చోట దళితుణ్ణి కావాలని అవమానించడం, కులం పేరుతో తిట్టడం నేరమని ఆ చట్టంలోని మూడో సెక్షన్ చెబుతుంది. "మాట మాటా అనుకున్నారు, దానికి కేసెందుకు, రాజీ పడండి" అని స్టేషన్‌లో చెప్పే మాట మనందరం విన్నదే. అవమానం ఇద్దరి మధ్య గొడవ కాదు, సమాజం మీద జరిగిన నేరం అన్న అవగాహన రెండున్నర వేల ఏళ్ల కిందటే చట్టంలోకి ఎక్కింది. దాన్ని కొత్తగా కనిపెట్టి మనకు ప్రత్యేకంగా ఇచ్చిన వరంలా ఎవరైనా మాట్లాడితే ఈ సంగతి చెప్పండి.

బహిష్కారం విషయంలోనూ ఒక పోలిక ఉంది. ఏథెన్సు జనం ఏడాదికోసారి కుండ పెంకుల మీద పేరు రాసి ఒకరిని పదేళ్లు నగరం బయటికి పంపగలిగేవారు. అలా పంపినవారిలో ఎక్కువమంది బలం పెరిగి నియంతలవుతారేమోనని భయపెట్టిన పెద్ద మనుషులు. వాళ్ల ఆస్తి పోదు, గడువు తీరాక వెనక్కు రావచ్చు. మన ఊర్లో బహిష్కారం తలకిందులుగా ఉంటుంది. కేసు పెట్టిన పేదవాడికి కూలి పని ఉండదు, కిరాణా కొట్టులో ఉప్పు ఉండదు, దారి ఉండదు. 2015 సవరణ తర్వాత సామాజిక, ఆర్థిక బహిష్కారం కూడా అత్యాచారాల చట్టం కింద నేరమే.

ఆ సభకు గోడ ఉంది

ఇంత చెప్పాక ఏథెన్సును నెత్తిన పెట్టుకోవద్దని కూడా చెప్పాలి. ఆ సభలో ఆడవాళ్లు లేరు. తరతరాలుగా అక్కడే బతికిన పరదేశీయులు లేరు. బానిసలు లేరు. లారియన్ వెండి గనుల్లో వేలమంది బానిసలు భూమి కింద పనిచేసి చస్తుంటే, ఆ వెండితో నగరం వెలిగింది. నగరంలో శాంతిభద్రతలు చూసే విలుకాళ్లు కూడా ప్రభుత్వం కొన్న బానిసలే. క్రీ.పూ. 451లో పెరిక్లీసే ఒక చట్టం తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు వాళ్లయితేనే పౌరుడు అని. కూలి ఇచ్చి పేదలను లోపలికి పిలిచిన చెయ్యే పుట్టుక పేరుతో గోడ కట్టింది. కొందరు పుట్టుకతోనే బానిసత్వానికి తగినవారని అరిస్టాటిల్ సిద్ధాంతం రాశాడు. మనకు వర్ణ ధర్మం చెప్పినవారి మాటలు, అతని మాటలు పక్కపక్కన పెడితే బంధుత్వం తెలుస్తుంది.

ప్రజలు అనే మాటలో ఎవరెవరు ఉన్నారు? ఏ ప్రజాస్వామ్యాన్నైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఊరు విడిచిన ప్లీబియన్లు

రోము కథ మనకు ఇంకా దగ్గర. అక్కడ పుట్టుకతో పెద్దవాళ్లు పెట్రీషియన్లు. పదవులు, పౌరోహిత్యం, చట్టం అన్నీ వాళ్లవే. మిగిలిన మామూలు పౌరులు ప్లీబియన్లు. యుద్ధానికి వెళ్లేది వీళ్లు, అప్పుల్లో మునిగేది వీళ్లు. సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. 494లో వీళ్లు కత్తి ఎత్తలేదు, ఇళ్లు తగలబెట్టలేదు. మూకుమ్మడిగా నగరం విడిచి దగ్గర్లోని పవిత్ర కొండ మీదికి వెళ్లి కూర్చున్నారు. పని ఆగింది, సైన్యం ఆగింది.

పెద్దలు మెనేనియస్ అగ్రిప్ప అనే దూతను పంపారు. అతను ఒక కథ చెప్పాడని చరిత్రకారుడు లివీ రాశాడు. ఒకసారి చేతులు, నోరు, పళ్లు కలిసి పొట్ట మీద అలిగాయట. మేం కష్టపడితే అది కూర్చుని తింటోందని పని మానేశాయట. చివరకు ఒళ్లంతా నీరసించి పడిపోయిందట. కాబట్టి సమాజమంతా ఒకే శరీరం, ఎవరి పని వారు చేయాలి అని నీతి.

ఈ కథ మనం ఎక్కడ విన్నాం? ముఖం నుంచి ఒకరు, చేతుల నుంచి ఒకరు, తొడల నుంచి ఒకరు, పాదాల నుంచి ఒకరు పుట్టారని చెప్పే పురుష సూక్తం వేల ఏళ్లుగా మనకు వినిపిస్తున్నదీ శరీరం కథే. ఆ శరీరంలో మనకు పాదం చోటు కూడా లేదు. తేడా ఏమిటంటే, ప్లీబియన్లు కథ విని ఊరికే తిరిగి రాలేదు. తమ తరఫున తామే ఎన్నుకునే ట్రిబ్యూన్లు కావాలన్నారు. సాధించుకున్నారు. ట్రిబ్యూన్ మీద చెయ్యి వేయకూడదు. ప్లీబియన్‌కు అన్యాయం జరుగుతుంటే ట్రిబ్యూన్ అడ్డు నిలబడి "వీటో", అంటే నేను ఆపుతున్నాను అనవచ్చు. ఇవాళ ఐక్యరాజ్య సమితిలో వినిపించే ఆ మాట పేదవాడి వీపు మీద పడే కొరడాను ఆపడానికి పుట్టింది.

తెలుగు నేల మీద కూడా ఒక ఊరు అలా విడిచి వెళ్లింది. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయాక, మిగిలినవారు చీరాలకు వచ్చేశారు. వెనక్కు రమ్మన్నా వెళ్లలేదు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు వంటివారి నాయకత్వంలో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. నాలుగేళ్లకు 1989 చట్టం వచ్చింది. ఆ చట్టం వెనక దేశమంతటా జరిగిన పోరాటాలున్నాయి, వాటిలో కారంచేడు ఒకటి. ఊరు విడవడం ఓటమి కాదని, అది కూడా ఒక రాజకీయ భాష అని రోము ప్లీబియన్లూ కారంచేడు మాదిగలూ ఇద్దరూ చూపించారు.

రాసి పెట్టండి, అందరికీ కనబడేట్టు

ప్లీబియన్ల రెండో డిమాండు చట్టాన్ని రాయమని. అప్పటిదాకా చట్టం పెట్రీషియన్ పూజారుల నోట్లో ఉండేది. వాళ్లు ఏది చెబితే అదే. పోరాడి పోరాడి క్రీ.పూ. 451–450లో పన్నెండు పలకల మీద చట్టం రాయించి బజారు కూడలిలో పెట్టించారు. ఆ చట్టం మంచిదా? కాదు. అప్పు కట్టలేనివాడిని గొలుసులతో కట్టేయవచ్చని, అమ్మేయవచ్చని అందులోనే ఉంది. పెట్రీషియన్లకు ప్లీబియన్లకు మధ్య పెళ్లి చెల్లదని కూడా ఉంది. కానీ కనబడే చట్టాన్ని మార్చమని అడగవచ్చు. కనబడనిదాన్ని ఏమని అడుగుతాం?

అడిగారు కూడా. క్రీ.పూ. 445లో కానులేయస్ అనే ట్రిబ్యూన్ పట్టుబట్టి పెళ్లి నిషేధాన్ని ఎత్తేయించాడు. నెత్తురు కల్తీ అవుతుందని, దేవుళ్లకు కోపం వస్తుందని పెద్దలు గోల చేశారు. ఇవాళ కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లల ఇళ్ల ముందు వినిపించే మాటలే అవి. క్రీ.పూ. 326లో అప్పు బానిసత్వాన్ని రద్దు చేశారు. తండ్రి అప్పు కింద తాకట్టయిన ఒక కుర్రాణ్ణి అప్పిచ్చినవాడు కొరడాతో కొడితే, ఆ వాతలతో అతను వీధిలోకి పరుగెత్తుకొచ్చాడని, జనం కదిలారని లివీ రాశాడు. చివరికి క్రీ.పూ. 287లో ప్లీబియన్ల సభ చేసిన తీర్మానం రోము అంతటికీ చట్టమే అని ఒప్పించుకున్నారు. మొదటి సమ్మె నుంచి అక్కడిదాకా రెండు వందల ఏళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఒక చిన్న మనిషి కథ ఉంది. గ్నేయస్ ఫ్లావియస్ విముక్తుడైన ఒక బానిస కొడుకు, వృత్తికి గుమాస్తా. కోర్టులో దావా వేయడానికి ఏ మాటలు ఏ వరుసలో పలకాలి, ఏ రోజు కోర్టు తెరిచి ఉంటుంది అన్నది అప్పటికీ పూజారుల గుట్టే. మాట తప్పితే కేసు పోయినట్టే. ఫ్లావియస్ ఆ గుట్టంతా బయట పెట్టి జనానికి అందించాడు. క్రీ.పూ. 304లో జనం అతన్ని పెద్ద పదవికి ఎన్నుకున్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఎలా అడగాలో, సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో వాడలో నలుగురికీ నేర్పే ప్రతి కుర్రాడూ ఫ్లావియస్ వారసుడే అని మేం అనుకుంటాం.

మన దగ్గర రాసిన చట్టం లేకపోలేదు. ధర్మశాస్త్రాలు రాసే ఉన్నాయి. అందులో ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు శిక్షలు. పైగా వేదం విన్న శూద్రుడి చెవులు కరిగించిన లోహంతో, లక్కతో నింపమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. అంటే రాస్తే చాలదు, చదివే హక్కు, మార్చే హక్కు కూడా కావాలి. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టింది అందుకే.

రోమునూ నెత్తిన పెట్టుకోనవసరం లేదు. ప్లీబియన్లు గెలిచాక బయటి బానిసలు పెరిగారు. క్రీ.పూ. 73లో స్పార్టకస్ నాయకత్వంలో వాళ్లు తిరగబడితే, ఓడిన ఆరు వేల మందిని కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడవునా శిలువ వేశారు. అయినా రోము బానిస చదువుకోగలిగేవాడు, విడుదలైతే పౌరుడయ్యేవాడు, అతన్ని ముట్టుకుంటే ఎవరూ మైలపడేవారు కాదు. అంటరానివాడు కాగితం మీద బానిస కాకపోయినా అతనికి ఈ తలుపులేవీ తెరుచుకోలేదు. బానిసత్వం, అంటరానితనం రెండింటిలో ఏది ఘోరం అని అంబేడ్కర్ వేసిన ప్రశ్నకు ఈ పోలికే ఆధారం.

దేవత ఒప్పుకున్న సర్పంచ్

'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ రోము నుంచి ఒక ఉదాహరణ తీసుకున్నారు. ఇద్దరు కాన్సుల్‌లలో ఒకరు ప్లీబియన్ కావాలని ప్లీబియన్లు హక్కు సాధించారు. కానీ ఎన్నికైనవాణ్ణి దేవత కూడా ఒప్పుకోవాలి. దేవత మాట చెప్పే పూజారులు పెట్రీషియన్లు. అందువల్ల పెద్దలకు లొంగి ఉండే ప్లీబియన్‌కే పదవి దక్కేది. దేవత వద్దందంటే ప్లీబియన్లు నోరు మూసుకునేవారు, ఎందుకంటే ఆ నమ్మకం వాళ్లదీ. ఆర్థిక హక్కు, రాజకీయ హక్కు రెండూ ఉన్నా మత నమ్మకం వాటిని మింగేయగలదని ఆయన చెప్పదలచుకున్నారు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చాక పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు, సర్పంచ్ పదవులు వచ్చాయి. కానీ రిజర్వు సర్పంచ్ ఎవరో నామినేషన్‌కు ముందే ఒక పెద్దింటి అరుగు మీద తేలిపోయే ఊళ్లు మనకు తెలుసు. చెక్కు మీద సంతకం ఒకరిది, చెక్కు పుస్తకం ఇంకొకరి బీరువాలో. అంబేడ్కర్ చెప్పిన దేవత మన ఊర్లో గుడిలో లేదు, అరుగు మీద ఉంది.

ఎర్రగుడి బండ మీద గ్రీకుల పేర్లు

"అంతా గ్రీసు, రోము అంటున్నారు, మన దగ్గర ఏమీ లేదా?" అని ఆ సాయంత్రం ఒక అమ్మాయి అడిగింది. ఉంది. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీ.పూ. మూడో శతాబ్దంలో పండితుల సంస్కృతంలో కాదు, ప్రాకృతంలో, దారిన పోయేవారికి కనబడేట్టు చెక్కించారు. ఆ శాసనాల్లో పదమూడోది అంతియోకుడు, టాలెమీ వంటి ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు చెబుతుంది. మన రాయలసీమ రాతికి గ్రీకుల సంగతి తెలిసి రెండు వేల రెండు వందల ఏళ్లు దాటింది. వాళ్లూ రాజులే, అశోకుడూ రాజే. కానీ పాలకుడి మాట అందరికీ కనబడేట్టు రాసి ఉండాలన్న ఆలోచన మనకు పరాయిది కాదు.

అంతకంటే ముందు బౌద్ధ సంఘం ఉంది. తీర్మానం పెట్టడం, కోరం చూడడం, 'సలాకలు' అనే పుల్లలు పంచి ఓటు లెక్కించడం, అవసరమైతే రహస్య ఓటు, ఇవన్నీ భిక్షువుల సంఘానికి తెలుసు. ఆ సంఘంలో మంగలి ఉపాలి ఉన్నాడు, వీధులూడ్చే సునీతుడు ఉన్నాడు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఈ సంగతులన్నీ గుర్తు చేశారు. ప్రజాస్వామ్యం ఒకప్పుడు ఈ దేశానికి తెలుసు, పోగొట్టుకుంది, మళ్లీ పోగొట్టుకోవచ్చు అని హెచ్చరించారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని 1954లో రేడియో ప్రసంగంలో చెప్పారు.

అదే అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ గ్రీసు చరిత్రకారుడు గ్రోట్‌ను ఉదహరించారు. గ్రోట్ ఆ మాట రాసింది క్లెయిస్తనీస్ కాలపు ఏథెన్సు గురించే. రాజ్యాంగ నైతికత అంటే నియమాన్ని గౌరవించడం, అధికారంలో ఉన్నవారిని భయం లేకుండా విమర్శించడం, ప్రత్యర్థికి కూడా ఆ నియమం పవిత్రమేనన్న నమ్మకం. ఇది పుట్టుకతో రాదు, సాగు చేసుకోవాలి, మన జనం ఇంకా నేర్చుకోవాల్సి ఉంది అన్నారాయన. ఆ ప్రసంగంలోనే ఊరిని పొగిడేవారిని తిట్టి, రాజ్యాంగానికి ఊరు కాదు, వ్యక్తే ప్రాతిపదిక అని తేల్చారు. పుట్టుకతో వచ్చిన గుంపుల మీద కాకుండా పౌరుడి మీద రాజ్యాన్ని కట్టడం అంటే ఇదే.

ఇక మన పని

చుండూరును ఒక్కసారి తలుచుకుందాం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. దళితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊర్లోనే పెట్టించుకున్నారు. బజారు కూడలిలో పలకలు పెట్టించుకున్న ప్లీబియన్లలా, న్యాయాన్ని తమ కళ్ల ముందుకు రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చట్టం రాసి ఉండడానికీ, న్యాయం జరగడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ రెండు తేదీల మధ్య కనబడుతుంది. ఆ దూరాన్ని తగ్గించేది నిఘా పెట్టే జనమే.

అందుకే తనకల్లు పిల్లలకు చెప్పిన నాలుగు మాటలు ఇక్కడా రాస్తున్నాం. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. అది ఎప్పుడు జరిగిందో, తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో అడగండి, కూలి పోని సమయానికి సభ పెట్టమని రాతపూర్వకంగా కోరండి. ప్రతి నెలా 30న పల్లెల్లో పౌరహక్కుల దినం జరపాలి. తహసీల్దారు, ఎస్సై మీ ఊరికి ఎప్పుడు వచ్చారో లెక్క తీయండి. ఫిర్యాదు చేస్తే ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అత్యాచారం కేసులో ప్రాథమిక విచారణ పేరుతో ఎఫ్‌ఐఆర్ ఆపకూడదని 2018 సవరణ చెబుతోంది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారి కూడా నాలుగో సెక్షన్ కింద శిక్షార్హుడు. జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. కూర్చుందా అని సమాచార హక్కు కింద అడగండి.

ఆ రోజు మేం లేచేటప్పటికి చీకటి పడింది. మొదట ప్రశ్న అడిగిన కుర్రాడు పుస్తకం మూస్తూ, "అయితే అన్నా, ఈసారి సభకు నాయనతో పాటు మేమందరమూ పోతాం. కట్ట మీదనే కూర్చుంటాం" అన్నాడు. వాళ్ల నాయన గుమ్మంలో కూర్చుని అంతా విన్నాడు. "ఊరికే కూర్చుంటే ఏమొస్తుంది? శ్మశానం దారి సంగతి రాసుకొని పోండి" అన్నాడు.

ఆ కాగితం ఇప్పుడు రాస్తున్నారు.